జెనీవాకి దారి మన పల్లె నుంచే

(డిసెంబరు 10, మానవ హక్కుల దినం నాడు మండల కేంద్రంలో దళిత కార్యకర్తలు, గ్రామస్తులు కలిసి జరుపుకున్న సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు రోజుల కిందట, డిసెంబరు ఆరున బాబాసాహెబ్ వర్ధంతి జరుపుకున్నాం. ఇవాళ డిసెంబరు పది. 1948లో ఇదే రోజున ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనని ఆమోదించింది. మనుషులందరూ పుట్టుకతోనే స్వేచ్ఛ కలిగినవాళ్లు, గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులు అని దాని మొదటి అధికరణం చెప్తుంది. రాసేటప్పుడు ముందు అందులో 'పురుషులందరూ' అనే అర్థం వచ్చే మాట ఉంది. మన దేశం నుంచి వెళ్లిన హంసా మెహతా అనే ఆమె పట్టుబట్టి దాన్ని 'మనుషులందరూ' అని మార్పించింది. ఒక్క మాట మారితే లోకంలో సగంమంది లోపలికొచ్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను ఇవాళ చెప్పబోయేది కూడా ఒక్క మాట గురించే.

సభ మొదలు కాకముందు టీ కొట్టు దగ్గర ఒక తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. "మాస్టారూ, కరపత్రంలో మీ పేరు పక్కన 'అంతర్జాతీయ న్యాయం' అని వేశారు. మా పల్లెకి శ్మశానం దారి లేదు. మొన్న వానల్లో శవాన్ని మోకాటి లోతు నీళ్లలో మోసుకెళ్లాం. జెనీవా వాళ్లొచ్చి దారి వేస్తారా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ అది నవ్వులాట ప్రశ్న కాదు. ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే, వెయ్యరు. జెనీవా నుంచి ఎవరూ తట్టా పారా పట్టుకుని రారు. అయితే ఆ దారి మనం వేయించుకోడానికి పనికొచ్చే పనిముట్టు ఒకటి అక్కడ ఉంది. అది ఏమిటి, ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అనేది దాపరికం లేకుండా చెప్తాను.

ఒక మాట కథ

1965 డిసెంబరు 21న ఐక్యరాజ్యసమితి జాతి వివక్షని రూపుమాపడానికి ఒక ఒడంబడిక చేసింది. ఒడంబడిక అంటే దేశాలు ఒకదానికొకటి రాసిచ్చుకునే ఒప్పంద పత్రం అనుకోండి. 1968 డిసెంబరులో మన దేశం దానికి కట్టుబడతానని ఆమోదం తెలిపింది. 1969 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది.

జాతి వివక్ష అంటే ఏమిటో దాని మొదటి అధికరణంలోనే రాశారు. జాతిని బట్టి గానీ, రంగుని బట్టి గానీ, వంశాన్ని బట్టి గానీ, దేశం లేక తెగ మూలాన్ని బట్టి గానీ మనిషిని వేరు పెట్టి, అతని హక్కులు అతనికి దక్కకుండా చేస్తే అది వివక్ష. ఇందులో 'వంశం' అని నేనన్న చోట ఇంగ్లీషులో 'డిసెంట్' అనే మాట ఉంది. మా బడిపిల్లలైతే 'డీసెంట్' అని చదువుతారు. అది కాదు. డిసెంట్ అంటే నువ్వు ఎవరి కడుపున పుట్టావు, నీ తాత ముత్తాతలు ఎవరు అని.

ఆ మాట పెట్టమని అడిగిన దేశం ఏదో తెలుసా? అమెరికా కాదు, రష్యా కాదు. మన భారతదేశమే. ముసాయిదా మీద చర్చ జరుగుతున్నప్పుడు మన ప్రతినిధులే సవరణ ఇచ్చి ఆ మాట చేర్పించారు. పుట్టుకని బట్టి మనిషిని తక్కువ చేసే దేశం ఏదంటే ముందు మన దేశమే గదా గుర్తొచ్చేది! కానీ తర్వాత అదే ప్రభుత్వం అదే మాటకి మన అర్థం లేదని వాదించింది. ఆ కథే ఇది.

తనిఖీ ఎట్లా జరుగుతుంది

ఈ ఒడంబడిక అమలు చూడటానికి జెనీవాలో ఒక కమిటీ కూర్చుంటుంది. దాని పేరు జాతి వివక్ష నిర్మూలన కమిటీ. పద్దెనిమిది మంది సభ్యులు. సంతకం పెట్టిన దేశాలే వాళ్లని ఎన్నుకుంటాయి గానీ, వాళ్లు తమ తమ ప్రభుత్వాల తరఫున మాట్లాడేవాళ్లు కాదు. రెండేళ్లకోసారి ప్రతి దేశం మా దగ్గర పరిస్థితి ఇదీ అని వాళ్లకి నివేదిక ఇచ్చుకోవాలని ఒడంబడికలో ఉంది.

నేను బడిపంతుల్ని కాబట్టి బడి లెక్కలో చెప్తాను. బడికి తనిఖీ వస్తుంది. హెడ్‌మాస్టరు రిజిస్టరు తెచ్చి ముందు పెడతాడు. పిల్లలందరూ వస్తున్నారు, మధ్యాహ్న భోజనం రోజూ పెడుతున్నాం, అందరం కలిసి మెలిసి ఉంటున్నాం అని రాసి ఉంటుంది. తనిఖీకి వచ్చినాయన ఆ రిజిస్టరు చూసి సంతకం పెట్టి పోతే అంతా సవ్యంగా ఉన్నట్టే లెక్క. కానీ గేటు దగ్గర ఒక తల్లి నిలబడి, "అయ్యా, భోజనం దగ్గర మా పిల్లల్ని విడిగా కూర్చోబెడుతున్నారు. ఇదుగో తారీఖులు, ఇదుగో పిల్లల పేర్లు" అని ఒక కాగితం చేతిలో పెడితే? అప్పుడాయన వెనక్కి తిరుగుతాడు. రిజిస్టరు పక్కన ఆ కాగితం పెట్టుకుని, దీనికేమంటారు అని హెడ్‌మాస్టర్ని అడుగుతాడు.

జెనీవాలో జరిగేది ఇదే. ప్రభుత్వం ఇచ్చే నివేదిక రిజిస్టరు. ప్రజా సంఘాలు, మానవ హక్కుల సంస్థలు ఇచ్చేదాన్ని ప్రత్యామ్నాయ నివేదిక అంటారు. అది ఆ తల్లి ఇచ్చిన కాగితం. ఆ కాగితం లేకపోతే తనిఖీ అంతా రిజిస్టరు చుట్టూనే తిరుగుతుంది.

1996 ఆగస్టులో మన దేశం నివేదిక ఆ కమిటీ ముందుకు వచ్చింది. కులం వేరు, జాతి వేరు, కాబట్టి షెడ్యూల్డ్ కులాల సంగతి ఈ ఒడంబడిక కిందకి రాదని మన ప్రభుత్వం అన్నది. కమిటీ ఒప్పుకోలేదు. డిసెంట్ అనే మాటకి జాతి ఒక్కటే అర్థం కాదు, షెడ్యూల్డ్ కులాల, తెగల పరిస్థితి దీని కిందకే వస్తుంది అని తేల్చి రాసింది. మన వాళ్లు పెట్టించిన మాటే మన వాళ్లకి ఎదురు తిరిగింది.

1998లో దేశంలోని దళిత సంఘాలు కలిసి దళిత మానవ హక్కుల జాతీయ ప్రచారోద్యమాన్ని మొదలుపెట్టాయి. 1999లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ సంస్థ మన మీద జరిగే దౌర్జన్యాల గురించి పెద్ద పుస్తకం వేసింది. ఆ సంస్థ వాళ్లు న్యూయార్కులో కూర్చుని అది రాయలేదు. తమిళనాడు, బీహారు, మహారాష్ట్ర, గుజరాత్ పల్లెల్లో మనలాంటివాళ్ల నోటి నుంచి విని రాశారు. బీహారులో లక్ష్మణ్‌పూర్ బాథే అనే ఊళ్లో 1997 డిసెంబరు 1 రాత్రి భూస్వాముల సేన 58 మందిని చంపింది. ఆ చావులకి సాక్ష్యం చెప్పినవాళ్లు పేదవాళ్లు, చదువు రానివాళ్లు. వాళ్లు చెప్పింది కాగితం మీదకెక్కింది కాబట్టే లోకానికి తెలిసింది.

2001 ఆగస్టు ఆఖర్న దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరంలో జాతి వివక్షకి వ్యతిరేకంగా ప్రపంచ మహాసభ జరిగింది. మన వాళ్లు డప్పులు కొట్టుకుంటూ పోయారు. పనిని బట్టి, వంశాన్ని బట్టి జరిగే వివక్ష గురించి తీర్మానంలో ఒక పేరా పెట్టాలని అడిగారు. మన ప్రభుత్వం పట్టుబట్టి ఆ పేరా తీయించింది. ఓడిపోయి తిరిగొచ్చారా అంటే కాగితం లెక్కలో ఓడిపోయారు. కానీ ఆ డప్పు వినపడని దేశం లేదు. సరిగ్గా ఏడాదికి, 2002 ఆగస్టులో, ఆ కమిటీ వంశాన్ని బట్టి జరిగే వివక్ష మీద ప్రత్యేకంగా చర్చ పెట్టి, ఇరవై తొమ్మిదో సాధారణ సిఫారసు అనేది చేసింది. డిసెంట్ అనే మాట కింద కులం కూడా వస్తుందని అందులో పేరు పెట్టి రాసింది.

ఇది కుల వివక్ష అని ఎట్లా గుర్తుపట్టాలో కూడా రాశారు. వినండి. పుట్టుకతో అంటిన స్థాయి మార్చుకునే వీలు లేకపోవడం. కులం దాటి పెళ్లి చేసుకోనివ్వకపోవడం. ఇళ్లు విడిగా ఉండటం. బడిలో, గుడిలో, నీళ్ల దగ్గర, తిండి దగ్గర వేరు పెట్టడం. తాతల నుంచి అంటగట్టిన నీచమైన పనిని, ప్రాణాల మీదకొచ్చే పనిని వదులుకోనివ్వకపోవడం. అప్పు కింద వెట్టి చేయించుకోవడం. మైల, అంటు అని మాట్లాడటం.

నేను మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు జెనీవా కనపళ్లేదు. మా పల్లె కనపడింది. మా అమ్మ బిందె కనపడింది. నీళ్లు అన్నారు చూడండి, కారంచేడు ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెల్ని కడిగి ఆ మురికి మేం తాగే నీళ్లలో పోస్తారా అని అడిగినందుకు 1985 జులై 17న ఆరుగురిని చంపారు. ఆనాడు బిందె ఎత్తిన సువార్తమ్మకి ఐక్యరాజ్యసమితి అంటే ఏమిటో తెలిసి ఉండదు. కానీ ఆమె అడిగిన ప్రశ్నా, పదిహేడేళ్ల తర్వాత జెనీవాలో రాసిన వాక్యమూ ఒకటే. వాళ్లు మనకి కొత్తగా నేర్పిందేమీ లేదు. మనం బతికిందాన్నే వాళ్లు న్యాయశాస్త్రం భాషలోకి ఎక్కించారు.

మాటకి రెండు నాలుకలు

2006 డిసెంబరు 27న ఢిల్లీలో ఒక సమావేశంలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు, అంటరానితనానికి సరిపోలేది దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష ఒక్కటే అన్నారు. ఒక ప్రధాని నోట అంతమాట రావడం చిన్న సంగతి కాదు. మేం చప్పట్లు కొట్టాం. సరిగ్గా రెండు నెలలకి, 2007 ఫిబ్రవరిలో, మన దేశం నివేదిక మళ్లీ జెనీవాలో విచారణకి వచ్చింది. అక్కడ మన ప్రభుత్వం తరఫున వెళ్లినవాళ్లు మళ్లీ పాత పాటే పాడారు. కులం జాతి కాదు, ఇది మీ పరిధిలోకి రాదు అని. ఢిల్లీలో ఒక నాలుక, జెనీవాలో ఇంకో నాలుక.

ఆ విచారణ నాటికి కమిటీ సభ్యుల ముందు ప్రత్యామ్నాయ నివేదికలు సిద్ధంగా ఉన్నాయి. హ్యూమన్ రైట్స్ వాచ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలోని మానవ హక్కుల కేంద్రం కలిసి ఒకటి ఇచ్చాయి. మన సంఘాలు ఇచ్చాయి. కమిటీ రిజిస్టరు ఒక పక్క, కాగితం ఒక పక్క పెట్టుకుని అడిగింది. చివరికి తన అభిప్రాయం రాసింది. ఊళ్లలో మన ఇళ్లు విడిగా ఉండటం, గుళ్లోకి, నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడం, పోలీసులు కేసులు కట్టకపోవడం, కట్టిన కేసుల్లో శిక్షలు పడకపోవడం అన్నీ ఎత్తి చూపింది. మతం మారిన దళితులకి రిజర్వేషన్ సౌకర్యాలు మళ్లీ దక్కేలా చూడమని కూడా చెప్పింది. ఆదివారం చర్చికీ, సోమవారం ఎమ్మార్వో ఆఫీసుకీ పోయే మన కోస్తా జిల్లాల పల్లెలకి ఈ ముక్క ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు.

'దేశం పరువు' అనే వాళ్లకి

ఇక్కడ ఒక మాట అంటారు. మన ఇంటి గుట్టు పరాయి దేశంలో పెడతారా, దేశం పరువు తీస్తారా అని. ఊళ్లో పెద్దమనుషులు అంటారు, పేపర్లలో రాస్తారు. మన ఉద్యమంలో ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఈ అనుమానం ఉంది. దానికి చరిత్రలోనే జవాబు ఉంది.

1860 నుంచి దక్షిణాఫ్రికాలో నటాల్ చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించి తీసుకుపోయారు. మన తెలుగు జిల్లాల నుంచి పోయినవాళ్లు వాళ్లలో చాలామంది. వాళ్ల పిల్లల్నీ మనవల్నీ అక్కడి తెల్లవాళ్లు భూమి కొననివ్వలేదు, తమ మధ్య ఉండనివ్వలేదు. 1946లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ మొదటి సమావేశాల్లోనే మన దేశం ఈ సంగతి లేవనెత్తింది. ఇది మా ఇంటి గొడవ, మీకేం పని అని దక్షిణాఫ్రికా అన్నది. మనిషిని మనిషిగా చూడకపోతే అది లోకం మొత్తానికి సంబంధించిన గొడవ అని మన దేశం వాదించింది. ఓట్లలో మన దేశమే గెలిచింది.

నటాల్‌లో ఉన్న తెలుగు కూలీ మనవడికి అవమానం జరిగితే లోకం గొడవ. అదే కూలీ అన్నదమ్ముల పిల్లలకి ఇక్కడ చెంబు మీద నుంచి నీళ్లు పోస్తే ఇంటి గుట్టా? పరువు పోయేది చెప్పినందుకు కాదు, చేసినందుకు.

బాబాసాహెబ్ ఈ సంగతి అప్పుడే చూశాడు. అదే 1946లో అమెరికా నల్లజాతి వాళ్లు తమ బాధలు ఐక్యరాజ్యసమితికి విన్నవించుకున్నారని విని, నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. ఆ విన్నపం ప్రతులు నాకు పంపించండి అని అడిగాడు. మన అంటరానివాళ్లు కూడా ఆ దారిన పోయే ఆలోచనలో ఉన్నారని రాశాడు. డుబోయిస్ సానుభూతితో జవాబు రాశాడు. అంతకు ముందు 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ పోయి మన మాట చెప్పిందీ ఆయనే. కాబట్టి బయటికి పోయి చెప్పడం మనం నిన్నా మొన్నా కనిపెట్టింది కాదు. తండ్రి వేసిన దారి.

పైగా ఇది మనకొక్కరికే కూడా కాదు. జపాన్‌లో బురాకు జనం ఉన్నారు. వాళ్ల పూర్వీకులు తోళ్లపని, పశువుల్ని కోసే పని చేసేవాళ్లు. మొహం చూస్తే ఎవరూ గుర్తుపట్టలేరు, రంగు ఒకటే, భాష ఒకటే. అయినా ఫలానా పేటలో పుట్టాడని తెలిస్తే పిల్లనివ్వరు, ఉద్యోగం ఇవ్వరు. మన మాదిగ అన్నకి ఇంతకంటే దగ్గరి చుట్టం ఉంటాడా? 1988లో వాళ్ల విముక్తి సంఘం పూనుకునే వివక్షకి వ్యతిరేకంగా ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టారు. నేపాల్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఇట్లాంటి జనం గొంతు కలిపారు. 2000లో అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఏర్పడింది.

ఈ వేదికకి జరిగింది చెప్తాను, కాగితం అంటే ఎంత భయమో మీకే తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి సమావేశాల్లో కూర్చోవాలంటే సంఘాలకి ఒక గుర్తింపు కావాలి. 2008లో వీళ్లు దరఖాస్తు పెట్టుకున్నారు. మన దేశం ఒక ప్రశ్న అడిగింది. జవాబిచ్చారు. ఇంకో ప్రశ్న. మళ్లీ జవాబిచ్చారు. అట్లా వందకి పైగా ప్రశ్నలతో ఏళ్ల తరబడి వాయిదా వేయించారు. 2022 డిసెంబరులో ఓటింగు పెడితే గానీ గుర్తింపు రాలేదు. ఇంటి స్థలం పట్టా కోసం మనం ఆఫీసు చుట్టూ తిరిగితే, రేపు రా, ఎల్లుండి రా, ఆ సర్టిఫికెట్ తే, ఈ సర్టిఫికెట్ తే అంటారే, అచ్చం అదే. జెనీవాలోనైనా న్యూయార్కులోనైనా ఆ గుమాస్తాయే కూర్చున్నాడు. కానీ తిరిగి తిరిగి సాధించుకున్నారు. ఓపిక మనకి ఎవరూ నేర్పక్కర్లేదు గదా!

చేయలేనిది ఏమిటి

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి. లేకపోతే నేను మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

ఆ కమిటీకి పోలీసుల్లేరు, జైలు లేదు. ఒక్క ఎస్సైని సస్పెండ్ చేయలేదు. కొన్ని దేశాల్లో బాధితుడు నేరుగా ఆ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. దానికి పద్నాలుగో అధికరణం కింద ఆ దేశం ఒప్పుకోవాలి. మన దేశం ఒప్పుకోలేదు. కాబట్టి మన పల్లె నుంచి ఒక మనిషి నా కేసు చూడండి అని అక్కడికి పోలేడు. కమిటీ సిఫారసు చేస్తుంది, ప్రభుత్వం చెవిన పెట్టుకోకపోతే మళ్లీ అడుగుతుంది. అంతే.

మరి దానివల్ల ఉపయోగం ఏమిటి? ఆ మాటలు తిరిగి తిరిగి మన కోర్టుల్లోకి వస్తాయి. పాకీపని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్ సంఘం సుప్రీంకోర్టుకి పోయింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు కాలవల్లో దిగి చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలివ్వమన్నారు. ఆ తీర్పులో మన రాజ్యాంగంతో పాటు ఈ జాతి వివక్ష ఒడంబడికని కూడా ప్రస్తావించారు. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని ముప్పై లక్షలు చేశారు. జెనీవా మాట ఢిల్లీ మీదుగా మ్యాన్‌హోలు పక్కన ఏడుస్తున్న ఆడమనిషి ఇంటిదాకా వచ్చింది. ఆలస్యంగా వచ్చింది, మనిషి పోయాక వచ్చింది, నిజమే. కానీ వచ్చింది.

మన చట్టమే మనకి మొదటి ఆయుధం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. దాని వెనక కారంచేడు నెత్తురు ఉంది. అయితే చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం రాదని చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. తారకం గారి లాంటి న్యాయవాదులు అండగా నిలబడ్డారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. పదహారేళ్లు బెదరకుండా నిలబడి సాక్ష్యం చెప్పిన జనం మాట నమ్మదగింది కాదన్నారు. ఆ రోజు మనలో అన్నం తిన్నవాళ్లెవరు?

కాబట్టి కాగితం ఉంటే గెలుస్తామని నేను చెప్పడం లేదు. కాగితం లేకపోతే మన మీద దౌర్జన్యం జరిగినట్టే ఉండదని చెప్తున్నాను.

నా తప్పు

ఇది నా అనుభవం. కొన్నేళ్ల కిందట మాట. ఊరి పేరు చెప్పను. మన పిల్లవాడి పెళ్లి ఊరేగింపు రామాలయం వీధిలోంచి పోయిందని కర్రలతో కొట్టారు. ఒక కుర్రాడికి తల మీద తొమ్మిది కుట్లు పడ్డాయి. కబురొస్తే నేను పోయాను. అందర్నీ వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్లాను. అక్కడాయన కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "మాస్టారూ, చదువుకున్నవారు, మీకు తెలియనిదేముంది. నోటితో చెప్పారుగా, నేను పిలిపించి మాట్లాడతాను. కాగితం దేనికి" అన్నాడు.

మా వంశంలో స్టేషన్లో కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. మా నాన్న ఆ గుమ్మం బయట కింద కూర్చునేవాడు. ఆ కుర్చీకీ ఆ టీకీ నేను మెత్తబడ్డాను. కాగితం రాయకుండా లేచి వచ్చాను. కేసు లేదు, ఏమీ లేదు. నెల తిరక్కుండా రాజీ అన్నారు.

ఏడాది తర్వాత దౌర్జన్యాల వివరాలు పోగుచేసే ఒక బృందం ఆ పల్లెకి వచ్చింది. వాళ్ల దగ్గర ఒక ఫారం ఉంది. తారీఖు? ఎన్ని గంటలకి? ఎవరు కొట్టారు, వాళ్ల కులం ఏమిటి, ఏమని తిట్టారు? ఫిర్యాదు కాపీ ఉందా? ఎఫ్.ఐ.ఆర్. నంబరు ఎంత? ఆసుపత్రి చీటీ ఉందా? నేను డిగ్రీ చదివి, బి.ఇడి. చేసి, పిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పేవాణ్ణి. నా దగ్గర ఒక్క కాగితం లేదు. వాళ్లు మర్యాదగానే పుస్తకం మూసి పక్క ఊరికి పోయారు. తల మీద మచ్చ ఉన్న ఆ కుర్రాడు నా మొహం వంక చూసి ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

ఆ రోజు నుంచి ఎక్కడ సభ జరిగినా ఈ తప్పు చెప్పుకుంటూనే ఉన్నాను. మీరు చేయకూడదని.

ఇక పని

దౌర్జన్యం జరిగిన రోజే రాయండి. తారీఖు, వేళ, చోటు, చేసినవాళ్ల పేర్లు, కులం. తిట్టిన తిట్టు తిట్టినట్టే రాయండి, సిగ్గుపడొద్దు. సిగ్గు తిట్టినవాడిది. పదిమందిలో అన్నాడా, ఎవరెవరు విన్నారు అనేది తప్పకుండా రాయండి. కేసు అక్కడే నిలబడుతుంది, అక్కడే పడిపోతుంది.

ఫిర్యాదు రెండు కాపీలు రాసి, రెండో దాని మీద స్టేషన్ ముద్ర, తారీఖు వేయించుకోండి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఊరికే ఇవ్వాలి, అది మీ హక్కు. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచండి. అట్రాసిటీ కేసు విచారించాల్సింది డి.ఎస్.పి.కి తక్కువ కాని అధికారి. అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. తన విధి చేయని ప్రభుత్వోద్యోగి మీద అదే చట్టం నాలుగో సెక్షను కింద కేసు పెట్టొచ్చు. దెబ్బలు తగిలితే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి చీటీ రాయించుకోండి, ఫోన్లో ఫొటోలు తీయండి.

కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చుందా లేదా, ఏం మాట్లాడారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. జాతీయ మానవ హక్కుల సంఘానికి రాయాలంటే ఘటన జరిగిన ఏడాది లోపల రాయాలి, ఆ తర్వాత వాళ్లు తీసుకోరు. ప్రతి కాగితానికీ ఒక నకలు రాష్ట్రంలో, దేశంలో ఈ పని చేసే మన సంఘాలకి పంపండి. ప్రత్యామ్నాయ నివేదిక ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడదు, ఈ నకళ్లే అందులోకి పోతాయి.

ఇదంతా ఎవరు రాయాలి? ప్రతి పల్లెలో డ్వాక్రా పుస్తకాలు రాసే చెల్లెళ్లు ఉన్నారు. ఎవరు ఎంత కట్టారు, ఎంత బాకీ అని రూపాయి తేడా రాకుండా రాస్తారు. వాళ్లకి ఇంకో పుస్తకం ఇవ్వండి. ఊరు మనకి ఎంత బాకీ ఉందో అందులో రాస్తారు. మగవాళ్ల చేతికిస్తే రాజీలో చింపేసే ప్రమాదం ఉంది. నా సంగతి చెప్పాను గదా.

చివరి మాట. 1927 మార్చిలో మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలితో నీళ్లు తీసుకుని తాగాడు. అది మనందరికీ తెలుసు, పాటలు కట్టుకున్నాం. కానీ ఆ చెరువు మీద అవతలివాళ్లు కోర్టుకి పోతే, ఆ దావా కింది కోర్టు నుంచి బొంబాయి హైకోర్టు దాకా నడిచి, 1937లో తీర్పు మనవైపు వచ్చింది. పదేళ్లు! నీళ్లు తాగిన చెయ్యే కాగితాలు కూడా పట్టింది. వీధిలో పోరాటం, కోర్టులో కాగితం, లండన్లో వాదన - మూడూ ఆ ఒక్క మనిషే చేశాడు. మనం ఇంతమందిమి ఉన్నాం, పంచుకుని చేయలేమా?

ఇందాక ప్రశ్న అడిగిన తమ్ముడు అదుగో, వెనక వరసలో ఉన్నాడు. తమ్ముడూ, శ్మశానం దారి జెనీవా వాళ్లు వెయ్యరు. ఈ సభ అయిపోగానే నువ్వూ నేనూ కూర్చుందాం. శవాన్ని నీళ్లలో మోసిన తారీఖు, మోసిన నలుగురి పేర్లు, ఆ పొలం సర్వే నంబరు, అడ్డుకునేవాళ్ల పేర్లు రాద్దాం. వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకుందాం. పల్లె మొత్తం మన వెనక నడవాలి. దారి పడితే మంచిదే. పడకపోతే ఆ రసీదు ఇక్కడితో ఆగదు.

ఈసారి నాకెవరు కుర్చీ వేసినా, టీ ఇచ్చినా, నా చేతిలో కాగితం ఉందో లేదో మీరు చూడండి.

జై భీమ్.